బాత్రూమ్ పని మొదలుపెడితే బిల్డింగ్ డ్రైనేజీ పైపు చీలిక బయటపడింది. డబ్బులు ఎవరు కట్టాలి?

మల్కాజిగిరి_301
మాది 1994లో కట్టిన అపార్ట్‌మెంట్. కింద పార్కింగ్, పైన అయిదు అంతస్తులు, అంతస్తుకు మూడు చొప్పున పదిహేను ఫ్లాట్లు. మేం మూడో అంతస్తు. రెండు బాత్రూమ్‌లూ పూర్తిగా తీసేసి కొత్తగా చేయిస్తున్నాం. టైల్స్ లేపి, సంకెన్ శ్లాబ్‌లో (పైపుల కోసం కిందికి దించి వేసిన శ్లాబ్) ఉన్న ఇటుక ముక్కల ఫిల్లింగ్ అంతా తోడేశాక, కమోడ్ పైపు డక్ట్‌లోకి (పైపులు నిలువునా దిగే సందు) వెళ్లే చోట గోడ తీశారు. లోపల పైనుంచి కిందిదాకా దిగే బీడు (పోత ఇనుము) పైపు ఉంది. టీ జాయింట్ దగ్గర వేలితో గీకితే తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. వెనకవైపు జానెడు పొడవున నిలువు చీలిక. పై ఫ్లాట్ల వాళ్లు ఫ్లష్ నొక్కినప్పుడల్లా అందులోంచి నీళ్లు చెమర్చి డక్ట్ గోడ మీదుగా కిందికి జారుతున్నాయి.

ప్లంబర్ మా ముక్క వరకు మారిస్తే 14 వేలు అంటున్నాడు. టెర్రస్ నుంచి కింద ఛాంబర్ దాకా మొత్తం పీవీసీ వేస్తే 92 వేలు. సెక్రటరీ గారేమో "ఇన్నేళ్లూ ఎవరికీ ఇబ్బంది రాలేదు, మీరు పగలగొట్టారు కాబట్టి బయటపడింది, మీ రెనొవేషన్ ఖర్చులో కలిపేసుకోండి" అన్నారు. ఆదివారం మీటింగ్ ఉంది. పనివాళ్లు ఖాళీగా కూర్చున్నారు. న్యాయంగా ఇది ఎవరి ఖర్చు?

గోదారి_గట్టు
నిలువు పైపు అందరిదీ, అడ్డ పైపు మీదీ. మా కాకినాడ అపార్ట్‌మెంట్‌లో మొదట్నుంచీ ఇదే లెక్కండి. మీ సెక్రటరీ గారు చెప్పింది తప్పు.

కాప్రా_అన్న
గట్లెట్ల అయితది? బ్రేకర్ పెట్టి కొట్టినంక పైపు పలిగితే బిల్డింగోళ్లందరు ఎందుకు కట్టాలె? బీడు పైపు దెబ్బకు ఆగదు. మా దగ్గర 402 ఆయన గిట్లనే కొట్టిపిచ్చి, పలిగినంక "పాతదే" అన్నడు. ముందు ఎవరి దెబ్బకు పలిగిందో తేల్చుర్రి, పైసల ముచ్చట తర్వాత.

సైట్_ఇంజనీర్
కాప్రా_అన్న అడిగింది సరైన ప్రశ్నే. అది తేల్చడం పెద్ద కష్టం కాదు. చీలిక అంచు చూడండి. నిన్నా మొన్నా దెబ్బ తగిలి పగిలిన బీడు అంచు బూడిద రంగులో, శుభ్రంగా, గింజ గింజగా మెరుస్తుంది. ఏళ్ల నాటి చీలిక అయితే లోపలిదాకా ఎర్రటి తుప్పు, దాని మీద నల్లటి పాచి పేరుకుని ఉంటుంది. డక్ట్ గోడ మీద నీళ్లు కారిన చారలు ఎంత కిందిదాకా ఉన్నాయో కూడా ఫోటో తీయండి. ఆ చారలు ఒక్క వారంలో పడవు.

ఇంకో మాట, ఇది డబ్బుకంటే ముఖ్యం. మీటింగ్‌లో తేలకముందే ప్లంబర్ తొందరపడి మీ ఫ్లాట్ ఎదురుగా ఉన్న ముక్కని కోసేయనివ్వకండి. బీడు పైపు చాలా బరువు. పై రెండంతస్తుల పైపు కింది ముక్క మీదా, తుప్పు పట్టిన క్లాంపుల మీదా ఆనుకుని నిలబడి ఉంటుంది. మధ్యలో కోస్తే పైది జారే ప్రమాదం ఉంది. డక్ట్‌లో మనిషి ఉన్నప్పుడు జారితే ప్రాణం పోతుంది. తీయడం పైనుంచి కిందికి, కొత్తది వేయడం కిందినుంచి పైకి. అందుకే 14 వేల ముక్క పని మీద నాకు నమ్మకం లేదు. పాత బీడుకీ కొత్త పీవీసీకీ మధ్య పెట్టే అతుకే మళ్లీ ముందు లీకయ్యే చోటు అవుతుంది.

మల్కాజిగిరి_301
ఇప్పుడే టార్చి వేసి చూశాను. చీలిక లోపలంతా నల్లగా ఉంది, అంచు ఎర్రగా తుప్పు. చారలు రెండో అంతస్తు దాటి కిందికి వెళ్లాయి. 201 వాళ్ల పడకగది గోడకి చెమ్మ వస్తోందని ఏటా పుట్టీ పెట్టి రంగు వేయించుకుంటున్నారు. "పైన మీ బాత్రూమే లీక్" అని మమ్మల్ని అంటుండేవాళ్లు. గోడ ఇంకా మూయలేదు, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

కాప్రా_అన్న
నల్లగుంటే పాతదే మరి. 201 ఆయన్ని దీస్కవొచ్చి సూపిచ్చుర్రి. మీటింగ్‌ల ఫస్టు ఆయన్నే మాట్లాడనియ్యుర్రి.

నిజాంపేట్_నిఖిల్
బిల్డర్ మీద రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) కంప్లైంట్ వేయండి. నాణ్యత లేని పైపులు వేసింది వాళ్లే కదా.

లక్ష్మి_వకీలు
నిఖిల్ గారూ, 1994 బిల్డింగ్‌కి ఆ దారి లేదు. రెరా చట్టం 2016 నాటిది. నిర్మాణ లోపాలు, సర్వీసుల లోపాలు పొజెషన్ ఇచ్చిన నాటి నుంచి అయిదేళ్లలోపు తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలని అందులో ఉంది. కొత్త ఫ్లాట్ కొన్నవాళ్లకి అది బంగారం లాంటి హక్కు, గడువు దాటనివ్వకండి. ముప్పయ్యేళ్ల పైపుకి పనికిరాదు.

301 గారి విషయానికి వర్తించేది 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది, తెలంగాణ కూడా కొనసాగించుకుంది. దాని ప్రకారం మీరు కొన్నది మీ నాలుగు గోడల మధ్య ఉన్న ఫ్లాటూ, దాంతోపాటు కామన్ ఏరియాల్లో విడదీయరాని వాటా. పునాది, స్తంభాలు, మెట్లు, లిఫ్టు, ట్యాంకులు ఇవన్నీ ఆ కామన్‌లోకే వస్తాయి. రెరా చట్టమైతే కామన్ ఏరియాల నిర్వచనంలో నీళ్లు, శానిటేషన్, కరెంటు ఏర్పాట్లనీ, సంపులు, మోటార్లు, డక్ట్‌లనీ పేర్లు పెట్టి మరీ రాసింది. మీ బిల్డింగ్‌కి అది నేరుగా వర్తించకపోయినా, ఉమ్మడి ఆస్తి అంటే చట్టం ఏమనుకుంటోందో దాన్నిబట్టి తెలుస్తుంది కదా.

కాబట్టి అడగాల్సింది గోడ ఎవరు తీశారని కాదు, ఆ పైపు ఎవరి కోసం ఉందని. అయిదు ఇళ్ల మురుగు మోసే పైపు ఏ ఒక్కరి సొంతమూ కాదు. మీటింగ్‌కి వెళ్లేముందు రెండు కాగితాలు తీసుకోండి: మీ సేల్ డీడ్, అసోసియేషన్ బైలాస్. మరమ్మతుల ఖర్చు సమానంగా పంచాలా, చదరపు అడుగుల లెక్కనా అన్నది చాలా బైలాస్‌లో రాసే ఉంటుంది. చదివినవాళ్లే ఉండరు.

వైజాగ్_శారద
ఇది చదువుతుంటే కడుపు రగిలిపోతోంది. మా అమ్మ ఒక్కతే ఉంటుంది, సీతమ్మధారలో పాత అపార్ట్‌మెంట్. కింది ఇంటివాళ్ల సీలింగ్ నుంచి నీళ్లు కారుతున్నాయని వచ్చి గొడవ చేస్తే, భయపడి బాత్రూమ్ మొత్తం తవ్వించింది. వాటర్‌ప్రూఫింగ్ చేయించింది, టైల్స్ కొత్తవి వేయించింది. పింఛను డబ్బులు. అయినా కారడం ఆగలేదు. తీరా చూస్తే లీకు డక్ట్‌లో ఉన్న పెద్ద పైపుది. అసోసియేషన్‌లో ఒక్కరు కూడా "అమ్మా, మీ ఖర్చు మేం తలా కాస్త వేసుకుంటాం" అనలేదు. ఒంటరి ఆడవాళ్లు కనిపిస్తే ముందు వాళ్ల మీదకే తోసేస్తారు. 301 గారూ, మీరు తగ్గకండి.

సైట్_ఇంజనీర్
శారద గారూ, అమ్మగారికి జరిగింది చాలా అన్యాయం. ఇంకెవరికీ ఇలా కాకుండా, తవ్వకముందే లీకు ఎవరిదో తేల్చే పద్ధతి చెప్తాను. ముందు బాత్రూమ్‌ని ఒక రోజంతా వాడకుండా తాళం వేయండి. కింద కారడం ఏమాత్రం తగ్గకుండా ఒకే తీరుగా సాగుతుంటే, ఎప్పుడూ ప్రెషర్‌లో ఉండే నీళ్ల పైపు మీద అనుమానం. టెర్రస్ మీద ఆ లైను వాల్వ్ కట్టేసి చూడండి, ఆగితే అదే. తాళం వేసి ఉన్నా పైవాళ్లు వాడినప్పుడల్లా కారుతుంటే నిలువు డ్రైనేజీ. రెండూ కాకపోతే నానీ ట్రాప్‌కి (నేల మీది నీళ్లు బయటికి పోయే రంధ్రం) గుడ్డ, ప్లాస్టిక్ కవరు బిగించి, నేల మీద రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, రంగు కలిపి, రెండు రోజులు ఉంచండి. కింద రంగు నీళ్లు కనిపిస్తే మీ నేలదే. ఇంత చేశాకే గడ్డపార పట్టుకోవాలి.

సుబ్బు_సింగపూర్
ఇక్కడ ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ ఫ్లాట్లలో పై ఇంటి నేల నుంచి కింది ఇంటి సీలింగ్‌కి లీకైతే పైవాళ్లూ కిందివాళ్లూ ఇద్దరూ బాధ్యులే. సంస్థ సాయం పథకం కింద సగం ఖర్చు వాళ్లు భరిస్తారు, మిగిలిన సగం పై ఇల్లు, కింది ఇల్లు చెరి 25 శాతం. మొదట్లో నాకు కోపం వచ్చింది, పైవాడి నేలకి నేనెందుకు కట్టాలని. కానీ వాటా ముందే తెలిస్తే తిట్టుకోవడం ఉండదు. మేస్త్రీ తొందరగా వస్తాడు.

202_తర్కం
సుబ్బు గారిది బాగుంది కానీ అక్కడ సగం ఇచ్చేందుకు ప్రభుత్వం ఉంది. ఇక్కడ ఇచ్చేది మన జేబే. నేను వేరే ఊళ్లో ఇలాంటి అపార్ట్‌మెంట్‌లోనే 02 సిరీస్‌లో (102, 202 ఇలా ఒకదాని మీద ఒకటి ఉండే ఫ్లాట్లు) ఉంటాను. సూటిగా అడుగుతున్నా. ఆ పైపులో 01 సిరీస్ అయిదు ఇళ్ల నీళ్లే వెళ్తాయి. మా మురుగు వేరే డక్ట్‌లో వెళ్తుంది. మరి పదిహేను మందీ ఎందుకు కట్టాలి?

బెజవాడ_బాబాయ్
మా పటమటలో ఏ డక్ట్ వాళ్లు ఆ డక్ట్‌కే కడతారు. 202 చెప్పిందే మా పద్ధతి. అయిదుగురే కాబట్టి ఒక సాయంత్రం కూర్చుంటే తేలిపోతుంది. పదిహేను మందిని ఒప్పించేలోపు పైపు కూలిపోద్ది.

లెక్కల_మాస్టారు
రెండు పద్ధతులూ లెక్క కట్టి చూద్దాం. 92 వేలు అయిదుగురు పంచుకుంటే తలా 18,400. పదిహేను మంది అయితే తలా 6,133. ఒకవేళ 01 సిరీస్ ఫ్లాట్లు 1,350, మిగతావి 1,000 చదరపు అడుగులు అనుకుంటే, అడుగుల లెక్కన పెద్ద ఫ్లాట్‌కి దాదాపు 7,400, చిన్నదానికి 5,500.

202 గారికి జవాబు. ఈ ఏడు 01 డక్ట్ పోయింది. అదే ఏడాది, అదే మేస్త్రీ, అదే సరుకుతో వేసిన 02, 03 డక్ట్‌లు ఎన్నాళ్లు ఉంటాయి? మూడు డక్ట్‌లూ మార్చేసరికి పదిహేను మందీ కలిపి మోసినా, ఎవరిది వాళ్లు మోసినా మొత్తం దాదాపు ఒకటే. తేడా ఏమిటంటే, కలిసి మోస్తే ఎవరి మీదా ఒక్కసారిగా 18 వేలు పడవు. ఇంకోటి, టెర్రస్ లీకైతే అయిదో అంతస్తు వాళ్లే కట్టాలని, లిఫ్టు చెడితే మొదటి అంతస్తు వాళ్లు కట్టక్కర్లేదని మొదలైతే ఇక అసోసియేషన్ ఎందుకు?

202_తర్కం
మూడు డక్ట్‌లకీ ఇదే పద్ధతి అని మినిట్స్ బుక్‌లో రాసి సంతకాలు పెడితే ఒప్పుకుంటాను. నోటిమాటకి ఒప్పుకోను. మా వంతు వచ్చేసరికి కమిటీ మారిపోతుంది, 01 వాళ్లు ఫ్లాట్ అమ్ముకుని వెళ్లిపోతారు.

లక్ష్మి_వకీలు
202 గారు అడిగింది చాలా న్యాయమైన షరతు. తీర్మానం రాతలో లేకపోతే రేపు కొత్త ఓనర్‌కి చూపించడానికి ఏమీ ఉండదు.

బెజవాడ_బాబాయ్
మాస్టారి లెక్క బాగానే ఉంది గానీ, అన్ని చోట్లా మూడు డక్ట్‌లూ ఒకేలా ఉండవు. మా దగ్గర ఒక డక్ట్‌లో నాలుగు వంటిళ్లు, ఒక డక్ట్‌లో పది బాత్రూమ్‌లు. వంటింటి వాళ్లు బాత్రూమ్‌ల పైపుకి కట్టమంటే గొడవే. నా మాట మీదే నేనుంటా.

మియాపూర్_మేఘన
రెనొవేషన్ చేసేవాళ్లే కట్టాల్సినవి కూడా ఉన్నాయి, అవి మర్చిపోవద్దు. మా పైవాళ్లు బాల్కనీ మూసి అక్కడ కొత్తగా టాయిలెట్ పెట్టారు. సంకెన్ లేదు, నేలనే ఎత్తు చేసి, పైపుని మా పిల్లల గది సీలింగ్ పక్కనుంచి తీసుకెళ్లి వర్షపు నీళ్ల పైపులో కలిపేశారు. వానొస్తే మా బాల్కనీ జాలీలోంచి మురుగు పొంగింది. దానికి కామన్ డబ్బులు అడిగారు! అసోసియేషన్ ఒప్పుకోలేదు. మొత్తం తీయించి, మా సీలింగ్ కూడా వాళ్ల చేతే బాగు చేయించారు. ఉన్న పైపు ముసలిదై పోతే అందరిదీ, మనిషి మార్చి చెడగొడితే ఆ మనిషిదే.

ఫేజ్_మారిన_రాజు
కరెంటుదీ ఇదే సంగతి. మేం ఏసీలు పెట్టుకుని సింగిల్ ఫేజ్ నుంచి త్రీ ఫేజ్‌కి మారాం. లోడు పెంచినందుకు డిస్కమ్‌కి కట్టింది మేమే, మా మీటర్ నుంచి పైకి లాగిన కేబుల్ కూడా మాదే. కానీ ఆ పని చేసేటప్పుడు సెల్లార్‌లో మీటర్ల ప్యానెల్ తెరిస్తే బస్‌బార్ (అన్ని మీటర్లకీ కరెంటు పంచే లోహపు పట్టీ) కాలి నల్లబడి ఉంది, ఎర్తింగ్ వైరు ఎప్పుడో తెగిపోయి ఉంది. అది అన్ని ఇళ్లకీ ప్రమాదం. అసోసియేషనే మార్పించింది, ఎవరూ ఎదురు మాట్లాడలేదు. నిప్పు అంటే అందరికీ భయం, మురుగు అంటేనే "మీది" అంటారు.

గోదారి_గట్టు
ఆదివారం మీటింగ్‌కి వేడి వేడి మిరపకాయ బజ్జీలు పెట్టించండి 301 గారూ. సగం గొడవ అక్కడే చల్లారుద్ది.

202_తర్కం
బజ్జీలు కామన్ ఖర్చా, 301 ఖర్చా? మినిట్స్‌లో రాయాలి.

లెక్కల_మాస్టారు
చదరపు అడుగుల లెక్కన పంచితే 01 వాళ్లకి రెండు బజ్జీలు ఎక్కువ రావాలి 😄

ఎన్నారై_ఓనర్
నేను డల్లాస్‌లో ఉంటాను, ఫ్లాట్ అద్దెకిచ్చాను. ఇలాంటి సమయాల్లో మమ్మల్ని "ఫోన్ ఎత్తరు" అంటారు. కానీ నాకు వచ్చేది "25 వేలు పంపండి, అర్జెంట్" అని ఒక్క ముక్క. ఫోటో లేదు, కొటేషన్ లేదు. పైపు ఫోటో, రెండు మూడు కొటేషన్లు, తీర్మానం కాపీ వాట్సాప్‌లో పెడితే అదే రాత్రి పంపిస్తాను. 301 గారి ప్లంబర్ కొటేషన్ ఒక్కటే చూపిస్తే మాత్రం నేనూ అనుమానిస్తాను. ఆయన ఇంట్లో పని తగ్గించి కామన్ పైపు మీద పెంచాడేమో ఎవరికి తెలుసు?

మల్కాజిగిరి_301
అది మంచి మాట. మా ఇంటి పనీ, కామన్ పైపు పనీ వేర్వేరు బిల్లులు చేయిస్తాను. కామన్ పైపుకి కొటేషన్లు సెక్రటరీ గారే తెప్పిస్తే ఇంకా మంచిది.

కాప్రా_అన్న
కిరాయికున్నోళ్ల దగ్గర వసూలు చెయ్యకుర్రి, చెప్తున్న. నెల మెయింటెనెన్స్ వేరు, పైపు మార్చుడు వేరు. పైపు మార్చుడు ఓనర్ ఖర్చు. మా దాంట్ల కిరాయి పోరగాళ్లను సతాయించి పైసలు గుంజిన్రు, పాపం.

లక్ష్మి_వకీలు
కాప్రా_అన్న చెప్పింది నిజం. ఇంకో దారి కూడా చెప్తాను, అవసరం పడకూడదని కోరుకుంటూ. మీటింగ్‌లో తేలకపోతే లాయర్ నోటీసులతో మొదలుపెట్టొద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెడితే కేసు వేయకముందే లోక్ అదాలత్‌కి పిలిచి మాట్లాడిస్తారు, కోర్టు ఫీజు ఉండదు. ఇరుగుపొరుగు గొడవలకి అంతకంటే మంచి చోటు నేను చూడలేదు. రేపు మళ్లీ ఒకే లిఫ్టులో ఎక్కాల్సిన మనుషులు కదా.

మల్కాజిగిరి_301
మీటింగ్ అయింది. గోడ మూయకుండా ఉంచడం చాలా పనికొచ్చింది. మీటింగ్‌కి ముందు సెక్రటరీ గారినీ, 201 ఆయన్నీ, ఇంకో నలుగుర్నీ తీసుకొచ్చి చూపించాను. అదే సమయానికి పైన ఎవరో ఫ్లష్ నొక్కారు, అందరి కళ్లముందే చీలికలోంచి నీళ్లు కారాయి. దాంతో "మీరు పగలగొట్టారు" అనే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సెక్రటరీ గారు తెప్పించిన కొటేషన్ 88 వేలకి వచ్చింది. కామన్ ఫండ్‌లో నుంచి 40 వేలు, మిగిలిన 48 వేలకి ఫ్లాట్‌కి 3,200 చొప్పున పదిహేను మందీ. 202 గారు ఇక్కడ అడిగిన షరతే మా 02, 03 వాళ్లూ అడిగారు, మిగతా రెండు డక్ట్‌లకీ ఇదే పద్ధతి అని తీర్మానం రాసి సంతకాలు పెట్టాం. 503 ఆయన ఒప్పుకోలేదు, తన అభ్యంతరం కూడా మినిట్స్‌లో రాయించారు, డబ్బు మాత్రం కడతానన్నారు. నా కమోడ్ నుంచి జాయింట్ దాకా ఉన్న పైపు, వాటర్‌ప్రూఫింగ్, డక్ట్ గోడ మళ్లీ కట్టడం నా ఖర్చు. అది న్యాయమే.

తేలనిది ఒక్కటే, 201 వాళ్ల గోడ. కామన్ పైపు వల్ల పాడైంది కాబట్టి అసోసియేషనే రంగు వేయించాలని ఆయన అడుగుతున్నారు. కమిటీ కుదరదంది.

వైజాగ్_శారద
చాలా సంతోషం. తీర్మానం కాపీ ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. 201 ఆయన్ని వదిలేయకండి.

లక్ష్మి_వకీలు
201 ఆయన అడిగింది సబబే. ఉమ్మడి పైపు చూసుకోవాల్సింది అసోసియేషన్. అది లీకై ఇల్లు పాడైతే ఆ నష్టం ఆయన ఒక్కరిదెలా అవుతుంది? ఇన్నేళ్ల రంగుల ఖర్చు అడగడం కష్టం గానీ, ఈసారి గోడ బాగుచేయించే ఖర్చు మాత్రం గట్టిగా అడగమనండి.

బెజవాడ_బాబాయ్
ఆ విషయంలో లక్ష్మి గారితో ఏకీభవిస్తున్నా. రంగుకీ పుట్టీకీ ఎంతవుద్ది, దానికోసం ఆయన్ని దూరం చేసుకోవడం దేనికి.

సైట్_ఇంజనీర్
ఎవరు కట్టినా 201 గోడకి ఇప్పుడే రంగు వేయించొద్దు. పైపు మారాక పాత ప్లాస్టర్ ఉబ్బినంత మేర చెక్కించి, గోడని పూర్తిగా ఆరనివ్వండి, నెల పైనే పడుతుంది, వానాకాలమైతే ఇంకా ఎక్కువ. తడి మీద పుట్టీ పెడితే మళ్లీ పొంగుతుంది, అప్పుడు కొత్త పైపే లీకవుతోందని అందరూ అనుకుంటారు.

పైపు మార్చే రోజు 01 సిరీస్ అయిదు ఇళ్లలోనూ ఆ బాత్రూమ్ వాడకూడదు. వాచ్‌మన్‌తో ముందు రోజే ప్రతి ఇంటికీ చెప్పించండి. ఒక్క ఫ్లష్ నొక్కినా కింద పనిచేస్తున్న మనిషి నెత్తిన పడుతుంది. ప్రతి అంతస్తులోనూ డక్ట్‌లోంచి చేయి పెట్టగలిగే చోట మూత ఉన్న క్లీనింగ్ డోర్ పెట్టించండి, టెర్రస్ పైన గాలి గొట్టం పైదాకా లేపి కౌల్ (గొట్టం కొనకి పెట్టే మూత) పెట్టించండి. కొత్త క్లాంపులు ప్రతి అంతస్తులోనూ పడ్డాయో లేదో గోడ మూయకముందే మీరే చూసుకోండి.

మల్కాజిగిరి_301
క్లీనింగ్ డోర్లు కొటేషన్‌లో లేవు. రేపు సెక్రటరీ గారితో మాట్లాడి చేర్పిస్తాను.